ఒకే నెల తోబుట్టువులు

మా నాన్న కోస్మాస్ గ్రీకువాడు. మా మేనత్త వెలికా ఈ కొండల్లో పుట్టిన బల్గరుల పిల్ల. ఒకరి సైన్యం ఒకరి ఊళ్ళను తగలబెడుతున్న రోజుల్లో వాళ్ళిద్దరూ అక్కాతమ్ముళ్ళయ్యారు. ఎలా అయ్యారని చిన్నప్పుడు అడిగితే ఊళ్ళో పెద్దవాళ్ళు ముందు నవ్వి, తర్వాత నవ్వు ఆపేసి, గొర్రెల గురించో వాన గురించో ఎత్తుకునేవారు. మాట మార్చేవాళ్ళంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అందుకే నాన్న దగ్గర కొంత, నానమ్మ దగ్గర కొంత, అత్త దగ్గర మిగతాది రాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మా వైపు ఒక నమ్మకం ఉంది. ఏ ఏడు పుట్టినా సరే, ఒక తల్లి కన్న ఇద్దరు బిడ్డలు ఒకే నెలలో పుడితే వాళ్ళకు ప్రాణం ఒకటే. ఒకరు పోతే రెండోవాళ్ళను లాక్కుపోతారు. లాక్కుపోకుండా ఉండాలంటే, పాతిపెట్టే ముందు గుర్రాలకు వేసే ఇనుప బంధం తెస్తారు. దాని ఒక కడియం పోయినవాళ్ళ కాలికి, రెండోది బతికున్నవాళ్ళ కాలికి వేస్తారు. బతికున్నవాళ్ళు గోతి పక్కన నిలబడి, దేవుడి పేర నాకు తోబుట్టువయ్యేదెవరని మూడుసార్లు అడగాలి. ఎవరో ఒకరు ముందుకొచ్చి ఒప్పుకుని బంధం విప్పాలి. విప్పినవాళ్ళు ఆ క్షణం నుంచి తోబుట్టువు. గోతిలోకి వెళ్ళేవాళ్ళు ఏమీ కారు. వాళ్ళ కోసం ఏడవచ్చు గానీ, అక్కా అనో తమ్ముడూ అనో మళ్ళీ పిలవకూడదు. పిలిస్తే తెగిన ముడి మళ్ళీ పడుతుంది.

వెలికా అత్త, ఆమె తమ్ముడు రైకో ఇద్దరూ చెర్రీలు పండే నెలలో పుట్టినవాళ్ళు. అత్త పెద్దది. రైకో గొర్రెలు కాసేవాడు. పని తక్కువ, ఈల ఎక్కువ. మందను కొండమీద వదిలేసి చెట్టెక్కి కూర్చునేవాడు, తోడేలు వస్తే అదే చూసుకుంటుందన్నట్టు. అత్త తిట్టబోతే వాడి దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది. "నన్ను తిట్టకే అక్కా, నాకు జలుబు చేస్తే ముక్కు కారేది నీకే." ఆమెకు కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. కొట్టడానికి ఎత్తిన చెయ్యి వాడి నెత్తిమీద మెత్తగా దిగేది.

టర్నోవో కోటలో మా బల్గరుల కొత్త రాజులు లేచి, జారిగ్రాడ్‌లో ఉన్న గ్రీకు చక్రవర్తికి ఇక పన్నుగా ఒక్క గొర్రెను కూడా తోలేది లేదన్న కాలం అది. మా వాళ్ళు కొండ దిగి దక్షిణాదికి దండయాత్రకు పోయారు. రైకో కూడా పోయాడు, పక్కింటి హ్రూస్‌తో కలిసి. చలి మొదలయ్యాక మనుషులు తిరిగొచ్చారు. హ్రూస్ రెండు రాగి గిన్నెలు భుజాన వేసుకుని, ఒక గ్రీకు ఖైదీని తాడుకు కట్టి తోలుకుంటూ వచ్చాడు. రైకో రాలేదు.

ఏమైందంటే హ్రూస్ చెప్పిన కథ పూటకో రకంగా ఉండేది. బాణం తగిలి మారిత్సా ఏట్లో పడిపోయాడన్నాడు. తర్వాత, పడటం చూశాను గానీ బాణం చూడలేదన్నాడు. ఇంకోసారి, నీళ్ళు మురికిగా ఉన్నాయి, ఎవరు తేలారో ఎవరు మునిగారో ఏం తెలుస్తుందని ఎదురు ప్రశ్న వేశాడు. మా నానమ్మ స్తానా వాడి గుమ్మం ముందు నిలబడి, ఆ తాడుకున్న మనిషిని కింది నుంచి పై దాకా చూసింది.

"నా కొడుకుని తీసుకెళ్ళి గ్రీకోణ్ణి తెచ్చావేంట్రా? మార్చుకొచ్చావా?"

ఆ తాడుకున్న మనిషే మా నాన్న. అప్పటికి ఆయనకు మా భాషలో ఒక్క ముక్క రాదు. ఆవిడ ముఖం చూసి, తననేదో చేయబోతున్నారని మాత్రం అర్థమైందట.

మంచు పడ్డాక వెలికా అత్త మొదటిసారి తూలిపడింది. కట్టెలు మోసుకొస్తుంటే చదునైన నేలమీద, రాయీ రప్పా లేనిచోట, ఎవరో కుడికాలు పట్టి గుంజినట్టయింది. వెనక్కి తిరిగి చూస్తే మంచులో ఆమె అడుగులు తప్ప ఏమీ లేవు. ఆ తర్వాత చీలమండ పులిసిన పిండిలా పొంగింది. నానమ్మ ఆకులు ఉడకబెట్టి కట్టింది, గొర్రె కొవ్వు రాసింది. వాపు తగ్గలేదు, పైగా జ్వరం తోడైంది. పొయ్యి పక్కన పడుకుని అత్త కాలు ముడుచుకునేది. కాసేపటికి ఆ కాలు మెల్లగా తనంతట తాను చాచుకుని తలుపు వైపు తిరిగేది. అది నానమ్మ కళ్ళారా చూసింది. తాత బ్రతాన్ కూడా చూశాడు. చూసి బయటికెళ్ళి దొడ్లో నిలబడిపోయాడు.

ఊరికి ఇంకేం కావాలి. రైకో పోయాడు, అక్కను పిలుస్తున్నాడు అని తేల్చేశారు. అమ్మలక్కలు పరామర్శకని వచ్చి, గుమ్మంలోనే నిలబడి, లోపలికి అడుగుపెట్టకుండా వెళ్ళిపోయేవారు. బంధం విప్పించమని తాత అన్నాడు. అత్త ఒప్పుకోలేదు.

"వాడు బతికుంటే? నేను విప్పించేసుకుంటే వాడు ఎవడవుతాడమ్మా? తిరిగొస్తే ఏ ఇంటికొస్తాడు?"

చలికాలమంతా నానమ్మ ఇద్దరు బిడ్డల మధ్య నలిగిపోయింది. ఒకడు కనబడడు, ఒకతి కళ్ళముందు కరిగిపోతోంది. కొడుకు చచ్చాడని ఒప్పుకుంటే కూతురు దక్కుతుంది. ఒప్పుకోకపోతే ఇద్దరూ పోవచ్చు. మంచు కరిగే రోజుల్లో అత్తకు నీళ్ళు కూడా మింగుడు పడని స్థితి వచ్చింది. అప్పుడు నానమ్మ లేచి, పెట్టెలోంచి రైకో పాత తోలుజోళ్ళు తీసింది. ఆవిడే తీసింది, తాత కాదు. ఈ సంగతి నాతో చెప్పేటప్పుడు కూడా తన చేతుల్ని తానే అసహ్యంగా చూసుకుంది.

శవం లేదు కాబట్టి జోళ్ళను పాతాలనుకున్నారు. మధ్యాహ్నం, మబ్బు పట్టి ఉంది. శ్మశానంలో గొయ్యి తవ్వారు. హ్రూస్ దగ్గర అరువు తెచ్చిన గుర్రపు బంధంలో ఒక కడియం జోళ్ళకు చుట్టారు, రెండోది అత్త వాచిన కాలికి. పాదిరీ వచ్చి సాంబ్రాణి వేసి, ఇనుము కనబడని వైపు తిరిగి నిలబడ్డాడు. పుస్తకంలో లేనిదాన్ని చూడకపోవడం ఆయనకు బాగా అలవాటు. తాత కూతుర్ని చంకల కింద పట్టుకుని నిలబెట్టాడు.

అత్త మొదటిసారి అడిగింది. ఎవరూ కదల్లేదు. మామూలుగా అయితే పొరుగింటి కుర్రాడో, బాప్తిస్మం ఇప్పించినవాళ్ళ కొడుకో ముందే ఒప్పుకుని ఉంటాడు. కానీ ఇక్కడ కడియంలో కాలు లేదు, ఖాళీ జోళ్ళున్నాయి. చచ్చినవాడు కట్టేసి లేడు, ఎక్కడో వదులుగా తిరుగుతున్నాడు. విప్పినవాణ్ణే పట్టుకుంటే? రెండోసారి అడిగింది. హ్రూస్ నేల చూపులు చూశాడు. మూడోసారి ఏడుపులో సగం మాటలే బయటికొచ్చాయి.

హ్రూస్ వెనకాల పార పట్టుకుని మా నాన్న నిలబడి ఉన్నాడు, గొయ్యి తవ్వింది ఆయనే. ఆయన కంటికి కనబడింది వేరు. ఒక పిల్ల, కాలికి ఇనుము, పక్కన గొయ్యి, చుట్టూ ఊరంతా కదలకుండా నిలబడి చూడటం. చచ్చినవాడితో పాటు ఈ అడవి జనం పిల్లను బతికుండగా పాతేస్తున్నారని అనుకున్నాడు. తవ్వింది తనే అని తలచుకునేసరికి కాళ్ళు ఆగలేదట. పార పారేసి జనాన్ని తోసుకుని వచ్చి మోకాళ్ళమీద పడ్డాడు. ఆ బంధం ఆయనకు కొత్త కాదు, హ్రూస్ పడుకునే ముందు ఆయన కాలికి తగిలించేది అదే. మేకు తిప్పి లాగితే కడియం ఊడింది. ఇక తన్నులు పడతాయని తెలుసు. మాలో ఎవరినైనా బతిమాలుకోవాలంటే బ్రాతే అంటాం, అన్నకైనా తమ్ముడికైనా అదే మాట. చలికాలమంతా వినీ వినీ ఆయనకు వచ్చిన మాట కూడా అదొక్కటే. చంపకండి నాయనా అన్న అర్థంలో రెండు చేతులూ ఎత్తి ఆ మాటే అన్నాడు.

"బ్రాతే! బ్రాతే!"

అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేసింది. తోబుట్టువయ్యేదెవరంటే తోబుట్టువునని చెప్పాడు, బంధం విప్పాడు. దేవుడి పేర అడిగింది, దేవుడి బిడ్డే చెప్పాడు. గ్రీకువాడైతే మాత్రం? పాదిరీ ఇటు తిరిగి, ఏమీ అడగకుండా శిలువ గుర్తు వేశాడు. జోళ్ళ మీద మట్టి పడింది. ఒక్క హ్రూస్ మాత్రం వాడు నా ఖైదీ అని గోల పెట్టాడు. అప్పుడు తాత ఆ రోజు మొదటిసారి నోరు విప్పాడు.

"నీ బూడిద ఎద్దు చచ్చింది కదా, మా ఎద్దును తోలుకుపో. వీడు మా ఇంటికొస్తాడు. కొడుకు పోరుకెళ్ళి గ్రీకోడై తిరిగొచ్చాడనుకుంటాలే."

కొత్త తోబుట్టువుకు చొక్కా పెట్టడం ఆనవాయితీ. ఇంట్లో ఉన్న మంచి చొక్కా ఒకటే, మెడ చుట్టూ నానమ్మ ఎర్రదారంతో పువ్వులు కుట్టిన రైకో చొక్కా. అదే పెట్టారు.

అత్త కాలి వాపు తెల్లారేసరికి తీసింది. రొట్టె తింది, పెరుగు తాగింది. అందరూ సంతోషించాలి కదా. ఎవరూ సంతోషించలేదు. కాలు బాగుపడిందంటే ఆ వైపు లాగుతున్నవాడు వదిలేశాడని, అంటే వాడు నిజంగానే పోయాడని అర్థం. నానమ్మ అప్పుడు ఏడ్చింది కొడుకు కోసం. అత్త ఏడవలేదు. నడుస్తూ నడుస్తూ ఆగి, కుడి పాదాన్ని నేలకు గట్టిగా ఆనించి చూసుకునేది. ఆ కాలు తేలికైపోయింది, నాది కానట్టుంది అనేది. గొర్రెలు తోలుకొచ్చే వేళకు వాకిట్లోకి వచ్చి నిలబడేది. ఎవరో ఈల వేశారనేది, మిగతా ఎవరికీ వినబడేది కాదు. మా నాన్నకు ఆమె భాష నేర్పింది, అన్నం పెట్టింది, జబ్బు చేస్తే పక్కన కూర్చుంది. తమ్ముడూ అనే పిలిచేది. పిలిచిన ప్రతిసారీ గుమ్మం వైపు ఒక చూపు పోయేది. ఆ చూపు తనను దాటి పోవడం మా నాన్న బతికినన్నాళ్ళూ భరించాడు.

నాలుగో వేసవిలో గ్రీకు చక్రవర్తి సైన్యం టర్నోవో దాకా వచ్చింది. కోట పడలేదు. మా రాజులకు తోడుగా డాన్యూబ్ దాటి కుమనుల గుర్రపుదండు వస్తోందన్న కబురుతో సైన్యం హడావుడిగా దక్షిణానికి మళ్ళింది, మా కొండల మీదుగా. ఊరంతా గుహల్లోకి ఎక్కింది. ఈనిన గొర్రెల్ని వదలలేక నానమ్మ దొడ్డి దగ్గర ఆలస్యం చేసింది. ఆవిడ కోసం అత్త, అత్త కోసం నాన్న ఆగారు. పొద్దుటి పొగమంచులోంచి ఎదురుగా గ్రీకు గుర్రాలు వచ్చేశాయి. ముందు అధికారి, అతని పక్కన దారి చూపించే మనిషి. జుట్టు కత్తిరించి, తోలు అంగీ వేసుకుని, పూర్తిగా వాళ్ళ మనిషిలా ఉన్నాడు. గుర్రం దిగి రెండడుగులు వేశాడు. ఆ నడక చూసి నానమ్మ గొర్రెపిల్లను జారవిడిచింది.

రైకో.

వాడు తల్లిని చూశాడు. అక్కను చూశాడు. తర్వాత మా నాన్న మెడ చుట్టూ ఉన్న ఎర్ర పువ్వుల్ని చూశాడు. చాలాసేపు అక్కడే చూశాడట. ఆ తర్వాత గొంతు తగ్గించి, మా భాషలో అత్తను అడిగాడు.

"వీడెవడు?"

ఒక్క మాట. దానికి నిజం చెబితే, గ్రీకు ఖైదీ అంటే, పక్కనున్న అధికారికి ఆ ముక్క అందితే, తమవాణ్ణి కట్టేసిన ఊరని ముగ్గుర్నీ అక్కడే నరికేవారు. లేదా నాన్నను తీసుకుని మిగతా ఇద్దర్నీ నరికేవారు. అబద్ధం చెబుదామన్నా ఏదీ తోచలేదు. నాలుగేళ్ళుగా నోటికి అలవాటైన మాటే అత్త నోట వచ్చింది.

"మా తమ్ముడు."

బంధం విప్పించేసుకుందని ఆ మాటతో వాడికి తెలిసిపోయింది, అయినా రైకో ముఖంలో ఏమీ కదల్లేదట. అదే ఆమెను చంపింది. కోపం వచ్చుంటే బాగుండేదని నాతో ఎన్నోసార్లు అంది. అధికారి గ్రీకులో ఏదో అడిగాడు. రైకో గ్రీకులోనే జవాబు చెప్పాడు. మళ్ళీ దారి గురించి ఏదో అనుకున్నారు. గుర్రాలు తిరిగిపోయాయి. మా నాన్న అంతసేపూ తన భాష వింటూ నోరు మూసుకుని నిలబడ్డాడు. ఒక్క మాట మాట్లాడి ఉంటే ఇంటికెళ్ళిపోయేవాడు. అక్కడ ఆయనకూ తల్లి ఉంది. ఎందుకు మాట్లాడలేదు నాన్నా అని అడిగితే, మాట్లాడితే మీ అత్త చెప్పింది అబద్ధమైపోదా అన్నాడు. నాకు మా నాన్నంటే గర్వం. ఆ తల్లిని తలచుకుంటే మాత్రం గర్వం నిలవదు.

వాళ్ళు కనుమరుగయ్యాక అత్త అడిగింది, ఏమన్నాడని. నాన్న ఉన్నదున్నట్టు చెప్పాడు. వీళ్ళు నీవాళ్ళా అని అధికారి అడిగితే రైకో, "నాకిక్కడ ఎవరూ లేరు, నన్ను పాతిపెట్టేశారు" అన్నాడు. దారి ఏదంటే కొండచరియ మీది బాట వద్దు, లోయలోంచి పోదాం అన్నాడు.

లోయ అనగానే నానమ్మ కూలబడింది. ఆ లోయ ఎంత ఇరుకో గొర్రెలు కాసిన ప్రతివాడికీ తెలుసు. మా రాజుల మనుషులు పైన దుంగలూ బండలూ పేర్చుకుని ఎదురుచూస్తున్న సంగతి వాడికి తెలుసో లేదో ఎవరికీ తెలియదు. ఏట్లోంచి ఎలా బయటపడ్డాడో, వాళ్ళకు దారి చూపేవాడెలా అయ్యాడో కూడా తెలియదు. ఆ మధ్యాహ్నం కొండ కొండంతా విరిగిపడినట్టు చప్పుడైంది. గుర్రాల అరుపులు ఊరి దాకా వినబడ్డాయి. మా నాన్న దొడ్లో కూర్చుని చెవులు మూసుకున్నాడు. పైనుంచి బండలు తొయ్యడానికి ఆయన్ని ఎవరూ పిలవలేదు, అంతమాత్రం మర్యాద ఊరికి ఉంది.

మర్నాడు అత్త లోయలోకి దిగింది. నానమ్మ వెంట వెళ్ళింది. జనం చచ్చినవాళ్ళ మీది బట్టలూ కత్తులూ ఒలుచుకుంటున్నారు. వాగు పక్కన దుంగ కింద రైకో దొరికాడు. హ్రూస్ అప్పటికే వాడి అంగీ విప్పుతున్నాడు, మొహం చూసి చేతులు వెనక్కి తీసుకున్నాడు. మనల్ని అమ్మేసినవాడని ఒకడన్నాడు. వీడే కదా వాళ్ళను ఇక్కడికి తెచ్చి చంపించింది, మనల్ని కాపాడినవాడని ఇంకొకడన్నాడు. వాళ్ళు వాదించుకుంటుంటే అత్త వాడి తల ఒళ్ళోకి తీసుకుంది. ఏం చేయబోతోందో నానమ్మకు తెలిసిపోయింది. పరుగెత్తి వచ్చి కూతురి నోటిమీద చెయ్యి వేసి నొక్కింది.

"పిలవకే. నిన్నూ తీసుకుపోతాడే. నాకు నువ్వొక్కదానివే మిగిలావే."

అత్త తల్లి చెయ్యి కొరికింది. ఆ పంటిగాట్లు నానమ్మ నాకు చూపించింది. చెయ్యి వదిలాక, ఊరంతా వింటుండగా, తమ్ముడూ అని పిలిచింది. లోయలో ఆ పిలుపు తిరిగొచ్చింది. ఆగకుండా పిలుస్తూనే ఉంది, మగవాళ్ళు పట్టి లాగేదాకా. అక్కడే వాగు ఒడ్డున వాణ్ణి పాతారు. ఎవరూ ఇనుము తేలేదు, ఆమె తేనివ్వలేదు. విప్పడానికి మళ్ళీ ఎవరో వస్తారని భయం.

ఇంటికొచ్చి కుడికాలు చాచుకుని, తలుపు వైపు పెట్టి పడుకుంది. ఊరు రోజులు లెక్కపెట్టింది, తర్వాత లెక్క మర్చిపోయింది. ఆమె పోలేదు. జ్వరం కూడా రాలేదు. మా నాన్నకు పెళ్ళి చేసింది, మమ్మల్ని పెంచింది, నానమ్మనూ తాతనూ చివరికి మా నాన్ననూ సాగనంపింది. తను పెళ్ళి చేసుకోలేదు. వచ్చి అడిగినవాళ్ళతో, నేను ప్రయాణంలో ఉన్నాను అనేది. పళ్ళన్నీ ఊడి, కళ్ళు మసకబారి, ఉన్ని వడకడానికి కూడా చేతులు రాని వయసు దాకా ఉంది.

ఆఖరి శీతాకాలంలో ఆమె కాళ్ళకు కొవ్వు రాస్తూ నేను ధైర్యం చేసి అడిగాను. లాక్కుపోతాడని భయమేసేదా అత్తా అని.

"భయమేంటే పిచ్చిదానా. ఎదురుచూశాను. లాగితే పోదామనే కదా పిలిచింది. ఒక్కసారి, ఒక్కసారైనా కాలు బరువెక్కుతుందేమోనని చూశాను."

ఓదార్చాలని, క్షమించి ఉంటాడు అత్తా, అందుకే వదిలేశాడు అన్నాను. ఆమె నా చేతిలోంచి కాలు మెల్లగా తీసుకుంది.

"క్షమిస్తే లాగేవాడే. అక్కననుకుంటేనే కదా లాగేది."